సర్దుబాటు గారు కాదన్న రోజు

ఆ ఆఫీసులో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. ఎవరేం అడిగినా "దానిదేముందండీ, సర్దుబాటు చేద్దాం" అంటారు కాబట్టి సర్దుబాటు గారు అయిపోయారు. ఇంట్లోనూ అదే వరస. బావమరిది అడిగాడని స్కూటర్ ఇచ్చేసి తాను నడిచారు. పక్కింటివాళ్ళకి నిచ్చెన ఇచ్చి, మళ్ళీ అవసరం పడితే తిరిగి అడగడానికి మొహమాటపడి కొత్తది కొన్నారు. "ఈయన చేతికి ఎముక లేదనుకున్నాను. అసలా చెయ్యే ఈయనది కాదు" అని ఆయన భార్య వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. ఆయన కూడా అందరితోపాటు నవ్వుతారు.

ఆఫీసంటే భవనాల ప్లాన్లు గీసే సంస్థ. ప్లాన్లకు నకళ్ళు తీసే మనిషిగా చేరారు అందులో. కంప్యూటర్లు వచ్చిన కొత్తలో, వాటితోపాటు వచ్చిన పుస్తకాన్ని మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివిన ఏకైక ప్రాణి ఆయనే. దాంతో వాటి ఆలనాపాలనా ఆయన మెడకే చుట్టుకుంది. ఇప్పుడు మెట్ల పక్కన ఓ చల్లటి గది, అందులో బీరువా అంత సర్వరు, దాని ముందు కుషన్ చిరిగిన కుర్చీలో ఆయన. పై అంతస్తులో డ్రాఫ్ట్స్‌మన్ల బల్లల మీద ఉన్నవి ఉత్త స్క్రీన్లూ, కీబోర్డులూ. ఎవరి కంప్యూటర్ వాళ్ళకి ఉన్నట్టే కనిపిస్తుంది గానీ, అవన్నీ కింద ఈ ఒక్క సర్వరు కడుపులో నడిచే వర్చువల్ మెషీన్లు. ఏ మెషీన్‌కి ఎన్ని కోర్లు, అంటే లెక్కలు చేసే బుర్రలు, ఎంత మెమరీ అన్నది సర్దుబాటు గారి పంపకం. అంత మెత్తటి మనిషి చేతికి పంపకం అప్పగిస్తే ఏమవుతుందో అదే అయింది.

ముందుగా చీఫ్ డ్రాఫ్ట్స్‌మన్ దిగొచ్చాడు. "ఏవండీ, నాది బొత్తిగా ఈడుస్తోంది. ఓ రెండు కోర్లు పడేద్దురూ" అన్నాడు. అడిగిందే తడవుగా పడేశారు. ఆ సంగతి తెలిసి పక్క బల్లాయన వచ్చాడు. ఆయనకి ఇచ్చి ఈయనకి ఇవ్వకపోతే ఏం బావుంటుంది? ఆయనకీ ఇచ్చారు. ఆ తర్వాత మెట్ల మీద చెప్పుల చప్పుడు ఆగలేదు. తలా ఎనిమిదేసి చొప్పున, ఉన్న కోర్లకు మూడింతలు కాగితం మీద పంచేశారు. మెమరీ ఐతే సర్వరు తన సొంత పనికి దాచుకున్నది కూడా ఊడ్చి పెట్టారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఇచ్చినకొద్దీ మెషీన్లు నత్తనడక పట్టాయి. మౌస్ నొక్కి, టీ తాగి వస్తే గానీ గోడ గీత పడేది కాదు.

చివరికి పెద్దాయన, అంటే సంస్థ యజమాని, స్వయంగా దిగొచ్చారు.

"గురువారం పిల్లల ఆసుపత్రి ట్రస్టీలు వస్తున్నారండీ. మొత్తం భవనాన్ని స్క్రీన్ మీద తిప్పి చూపించాలి. పోయినసారిలా మధ్యలో బిగుసుకుపోతే ఇక లాభం లేదు. ఇదంతా బయటి కంపెనీకి ఇచ్చేస్తాను. మీరు మళ్ళీ నకళ్ళ గదిలోకి వెళ్దురుగాని" అన్నారు.

చావు కబురు చల్లగా చెప్పి ఆయన మెట్లెక్కి వెళ్ళిపోయారు. ఆ గది అంటే సర్దుబాటు గారికి ప్రాణం. ఫ్యాన్ల హోరు విని ఏ మెషీన్ కష్టపడుతోందో చెప్పగలనని ఆయన నమ్మకం. నకళ్ళ గదిలో కాగితాలు మడత పెడుతూ మిగతా సర్వీసంతా గడపడమన్న ఊహకే ఏడుపొచ్చింది.

ఆ మధ్యాహ్నం మేనకోడలు భోజనం డబ్బా పట్టుకొచ్చింది. ఆ పిల్ల ఆ ఆఫీసులోనే కొత్తగా చేరిన డ్రాఫ్ట్స్‌ఉమన్. మామయ్య దయ అని నలుగురూ ఆడిపోసుకుంటారని ఎప్పుడూ ఏమీ అడిగేది కాదు. మొదట్లో వేసిన రెండు కోర్లే ఇప్పటికీ దాని వాటా.

"నీ మెషీనూ చచ్చిపోతోందిటే?" అన్నారాయన.

"లేదు మామయ్యా, బాగానే నడుస్తోంది."

"నా దగ్గర మొహమాటమేమిటే!"

"నిజంగానే మామయ్యా. కావాలంటే వచ్చి చూడు."

పైకెళ్ళి చూశారు. అందరి స్క్రీన్లూ గుడ్లు తేలేస్తుంటే ఈ పిల్లది మాత్రం చకచకా గీస్తోంది! కుర్చీ లాక్కుని అక్కడే కూలబడ్డారు. కూర్చున్నాక వెలిగింది. ఎనిమిదిమందీ ఒకే బస్సులో ఎక్కాలని పట్టుబట్టే కుటుంబం స్టాపులోనే ఉండిపోతుంది. ఇద్దరే ఐతే వచ్చిన బస్సల్లా ఎక్కి వెళ్ళిపోతారు. ఎనిమిది కోర్ల మెషీన్‌కి ఎనిమిదీ ఇంచుమించు ఒక్కసారే ఖాళీగా దొరకాలి. అన్నీ అంతంత పెద్దవైతే ఒకదాని కోసం ఒకటి కాచుకుని కూర్చోవడమే పని. తన ధర్మగుణమే సర్వరు గొంతు నులిమిందని ఆయనకి అప్పుడు అర్థమైంది.

ఆదివారం ఆఫీసు ఖాళీగా ఉన్నప్పుడు వచ్చి కూర్చున్నారు. తన చేత్తో ఇచ్చినవి తన చేత్తోనే వెనక్కి తీసుకున్నారు. ఒక్కొక్కరి వాటా తగ్గిస్తుంటే ఆ మనిషి ఎదురుగా నిలబడి చూస్తున్నట్టే ఉంది. చీఫ్ డ్రాఫ్ట్స్‌మన్ దగ్గరికి వచ్చేసరికి "ఏమనుకోకండి" అని పైకే అనేశారు. సర్వరు సొంతానికి కొంత మెమరీ, రెండు కోర్లు విడిగా పెట్టారు. అన్ని మెషీన్లూ పొద్దున్న ఒకే వేళకి మొదలుపెట్టే వైరస్ తనిఖీని ఒకదాని తర్వాత ఒకటి వచ్చేలా మార్చారు.

సోమవారం ఆఫీసంతా పండగ చేసుకుంది. చీఫ్ డ్రాఫ్ట్స్‌మన్ మెట్లు రెండేసి దిగుతూ వచ్చి, "ఏం చేశారండీ బాబూ! ఇంకో నాలుగు కోర్లు వేసినట్టున్నారే!" అన్నాడు. తీసేశానని చెప్పడానికి నోరు రాలేదు. సర్దుబాటు గారు నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వే కొంప మీదికి తెచ్చింది.

గురువారం పొద్దున్నే పెద్దాయన దిగొచ్చారు. "కోర్లు పెంచితే విమానంలా పోతోందని చీఫ్ చెప్పాడు. ఇవాళ్టికి ఉన్నవన్నీ నా మెషీన్‌కే వేసేయండి. ట్రస్టీలు మెట్లెక్కుతున్నారు."

సర్దుబాటు గారి చేయి కీబోర్డు మీదికి అలవాటుగా వెళ్ళింది. వెళ్ళి ఆగింది.

"కుదరదండీ" అన్నారు.

"ఏమిటీ?"

"నేను పెంచలేదండీ. అందరికీ తగ్గించాను, మీకు కూడా. ఇప్పుడు అన్నీ మీకే ఇస్తే సర్వరుకి ఊపిరాడదు. మీ భవనం మళ్ళీ మధ్యలోనే ఆగిపోతుంది."

"ఆసుపత్రి కాంట్రాక్టు పోతే మీదే పూచీ! తెలుస్తోందా?"

"తెలుస్తోందండీ. అయినా ఇవ్వను."

ఆ గొంతు తనదేనా అని ఆయనకే అనుమానం వచ్చింది. పెద్దాయన మొహం జేగురించింది. ఏదో అనబోయి, పైన ట్రస్టీల మాటలు వినిపించి గబగబా మెట్లెక్కారు. సర్దుబాటు గారు తలుపు దగ్గరే నిలబడిపోయారు. భవనం తిరుగుతోందో, ఆగిందో కింద నుంచి తెలిసే దారి లేదు. పైకెళ్ళి చూసే ధైర్యమూ లేదు.

చాలాసేపటికి మేనకోడలు పరుగెత్తుకొచ్చింది. "మామయ్యా, బొంగరంలా తిరిగింది! వాళ్ళు ఒప్పుకున్నారు!" అంది. ఆయన గోడకి చేయి ఆనించి ఊపిరి వదిలారు.

దాని వెనకే పెద్దాయన వచ్చారు. ఓ నిమిషం సర్వరు వంక చూశారు. "బయటి కంపెనీవాళ్ళు సోమవారం వస్తామన్నారు. ఫోన్ చేసి వద్దని చెప్పండి."

"నేనా అండీ?"

"మీరే. నాకు చెప్పినవారు వాళ్ళకి చెప్పలేరా?"

నంబరు కలిపారు. అవతలి అమ్మాయి గొంతు తేనెలా ఉంది. ఒక్కసారి వచ్చి చూసి వెళ్తామండీ, ఊరికే చూడటానికేగా అంటూ బతిమాలింది. అలా అడిగినవాళ్ళని ఆయన జన్మలో కాదనలేదు. కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే సర్వరు మీద చేయి వేశారు.

"వద్దమ్మా. దీన్ని నేనే చూసుకుంటాను" అన్నారు.