బ్యాక్‌లో మా అక్క

మా అక్క హాకీలో బ్యాక్ ఆడేది. గోల్‌కీపర్‌కు ముందు నిలబడి, దూసుకొచ్చేవాళ్ల దగ్గర బంతి లాక్కుని ముందున్న తనవాళ్లకు కొట్టడమే ఆమె పని. గోలు కొట్టే అవకాశం బ్యాక్‌లకు ఎప్పుడోగానీ రాదు. అందుకే ఆట గెలిచిన మర్నాడు కూడా పేపర్లో అక్క పేరు ఉండేది కాదు. మా నాయన మిషన్ బడిలో అయ్యవారు. ఆటల పేజీ అంతా వెతికి, "గెలిచినారంట" అని మాత్రం చెప్పి పేపరు మడిచేవాడు.

డెబ్బైల్లో నంద్యాలలో ఆడపిల్లల చేత హాకీ ఆడించే బళ్లు తక్కువ. అక్క బళ్లో డ్రిల్లు టీచరమ్మకు ఆ పిచ్చి ఉండింది. పరుగులో అక్క అందరికంటే వెనకబడేది. కానీ ఎదురుగా ఎవరొచ్చినా పక్కకు తొలగేది కాదు. అది చూసే ఆ టీచరమ్మ ఆమెను వెనక నిలబెట్టింది. మైదానమంతా గరుసు నేల. బంతి రాయికి తగిలి ఎటు లేస్తుందో ఎవరికీ తెలిసేది కాదు. సాయంత్రానికి అక్క మోకాళ్లు దోక్కుపోయేవి. అమ్మ పసుపు అద్దుతా గొణిగేది.

"రేపు పెండ్లిచూపుల్లో నీ కాళ్లు చూస్తే ఎవురేమనుకుంటారే?"

"వచ్చినోళ్లకు నేను కాళ్లెందుకు చూపిస్తానమ్మా?"

అట్లా ఆడుతూ ఆడుతూ అక్క కాలేజీకి వచ్చేసరికి రాష్ట్ర జట్టులో చేరింది. ఆ జట్టు గోల్‌కీపర్ ఆత్మకూరు పిల్ల. వెనక నుంచి ఆమె అరుస్తుంటే, ఆ గొంతును బట్టి అక్క కుడికో ఎడమకో జరిగేది. ఇద్దరికీ బాగా కుదిరింది.

ఒక ఏడాది వేరే రాష్ట్రంలో పోటీలకు పోయినారు. వారం తర్వాత అక్క స్టేషన్ నుంచి జట్కాలో వచ్చింది. సంచి గడపలోనే పడేసి, "బంతి నా కర్రకే తగిలి మా గోల్లోకే పోయిందమ్మా. ఓడిపోయినాం" అని చెప్పి లోపలికి పోయి పడుకుంది.

ఆ పొద్దు నుంచి మైదానానికి పోలేదు. ఆదివారం చర్చికీ రాలేదు. ఒకసారి నేనే బలవంతాన బజారుకు పిల్చుకపోతే, టీ అంగడి ముందు ఎవరో "సొంతోళ్ల మీదే గోలు కొట్టింది ఈమేనంట" అని నవ్వినారు. అక్క తల ఎత్తకుండా ఇంటికి వచ్చేసింది.

ఆట పేరెత్తితేనే మండిపడే అమ్మ ఆ మాట నా నోట విని గుమ్మంలో కూలబడింది. "ఇన్నేండ్లు అది ఆపినవి ఒక్కడన్నా చూసినాడా?" అని కండ్లనీళ్లు పెట్టుకుంది.

ఇంకో రెండు వారాలకు ఆత్మకూరు బస్సు దిగి గోల్‌కీపర్ మా ఇంటికి వచ్చింది. అక్క గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఆమె వచ్చి మంచం పక్కన నేలమీద కూర్చుంది.

"నీకొక మాట చెప్దామని వచ్చినా. ఆ బంతి బయటికి పోతాంది. నాకు కనపడతానే ఉంది. వదిలెయ్ అని అరిచింటే నువ్వు కర్ర పెట్టేదానివి కాదు. నోరు పెగల్లే."

అక్క లేచి కూర్చుంది. "మరి ఆ పొద్దే చెప్పలేదేందే?"

"రైల్లో నీ మొగం చూసి భయమేసింది."

అక్క తిడుతుందనుకున్నా. ఆమె చెయ్యి పట్టుకుని, "నువ్వు అరిచినా నాకు ఇనపడేది కాదులే. ఆ జనం గోలలో ఏం ఇనపడుతుంది" అనింది. ఇద్దరూ ఏడ్చినారు. అమ్మ బొరుగుల ఉగ్గాని ప్లేట్లు తెచ్చి వాళ్ల మధ్య పెట్టింది. సాయంత్రం ఇద్దరూ కర్రలు తీసుకుని మైదానానికి పోయినారు.

ఆ తర్వాత ఇంకొన్నేళ్లు కలిసే ఆడినారు. దేశం జట్టుకు మాత్రం అక్కను ఎవరూ పిలవలేదు. ఆ సంగతి ఆమె ఎప్పుడూ ఎత్తలేదు, మేమూ అడగలేదు. చివరికి ఒక ఆటలో మోకాలు మెలిపడి లోపల నరమేదో తెగింది. ఇంక పరుగెత్తొద్దని డాక్టర్ చెప్పినాడు. గోల్‌కీపర్ పెళ్లయి సున్నిపెంటకు పోయింది. ఎనభైల మొదట్లో అక్కకు ఆళ్లగడ్డ ఆడపిల్లల బళ్లో డ్రిల్లు టీచరు ఉద్యోగం వచ్చింది.

సెలవులకు నేను అక్క దగ్గరికి పోయినప్పుడు ఒక సాయంత్రం, దొర్నిపాడు నుంచి ఒక రైతు నేరుగా మైదానంలోకే వచ్చినాడు.

"ఏందమ్మా, మా పాపను కర్రతో ఉరికిస్తాండావంట? మేం పంపిచ్చింది సదువుకు."

"కూర్చో అన్నా. ఈ ఆట అయినాక పిల్చుకపో" అనింది అక్క.

ఆయన తుండుగుడ్డ దులిపి గట్టు మీద, నా పక్కనే కూర్చున్నాడు. కాసేపటికి ఒక పొడుగు పిల్ల బంతి తోసుకుంటూ వచ్చింది. ఈయన కూతురు పావడా ఎగదోపుకుని అడ్డం నిలబడి, బంతి లాగేసి దూరంగా కొట్టింది. ఆయన లేచి నిలబడినాడు. "అది మా పాపే" అన్నాడు నాతో. మళ్లీ కూర్చోలేదు.

ఆట ముగిసినాక అక్క దగ్గరికి పోయి అడిగినాడు. "ఈ కర్రలు యాడ దొరుకుతాయమ్మా?"

"నంద్యాల్లో దొరుకుతాయన్నా."

అప్పటికే దొర్నిపాడు బస్సు పోయింది. తండ్రీకూతుళ్లను అక్క తన ఇంటికే పిల్చుకొచ్చింది. ఆమె అన్నం వండింది, నేను చారు పెట్టినా.