కుళాయికి పెట్టిన బొట్టు

నా చిన్నప్పుడు మా కంపోంగ్‌కి, అంటే మా పేట మొత్తానికి, ఒకటే సర్కారు కుళాయి. సింగపూర్‌లో అప్పటికి ఇన్ని అంతస్తుల ఇళ్ళు లేవు. రేకుల కప్పులు, చెక్క గోడలు, కుళాయి ముందు బారులు తీరిన బిందెలు, కిరసనాయిలు డబ్బాలు. తెలుగు ఇళ్ళు కొన్ని, తమిళులవి కొన్ని, చీనావాళ్ళవీ మలాయ్ వాళ్ళవీ కొన్ని. నాకు అక్షరాలు ముసలితనంలో వచ్చాయి, మనవరాలి పుస్తకం పక్కన కూర్చుని దిద్దుకున్నవి. ముద్దుగా రాయడం చేతకాదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

ఆ ఏడు ఆయుధపూజకి మా నాన్న సైకిలుకీ, రేవులో గోతాలు లాగే ఆయన కొక్కేనికీ, అమ్మ కత్తిపీటకీ పసుపు రాసి బొట్లు పెట్టే పని నాకు అప్పగించారు. గిన్నెలో పసుపు మిగిలిపోయింది. అన్నం పెట్టేవాటికి బొట్టు పెడుతున్నాం కదా, నీళ్ళిచ్చేదానికి ఎందుకు పెట్టకూడదనిపించింది. వెళ్ళి కుళాయి గొట్టం కట్టిన కొయ్య స్తంభానికి పసుపు పూసి బొట్లు పెట్టాను. చూసినవాళ్ళంతా బంగారుతల్లి అన్నారు. నేను పొంగిపోయాను.

అది అక్కడితో ఆగితే బాగుండేది. మర్నాడు ఎవరో అమ్మవారి పటం తెచ్చి ఆ స్తంభానికి మేకు కొట్టారు. ఆ తర్వాత కర్పూరం, పూలదండ. పైన రేకు వేసి చుట్టూ గట్టు కట్టిద్దామని మగాళ్ళు మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. అందులో మా నాన్న అందరికంటే ముందు.

మా వెనకింట్లో ఒక మలాయ్ ఆవిడ ఉండేది. మేం మక్చిక్ అనేవాళ్ళం, అత్తా పిన్నీ అన్నట్టు. అప్పుడావిడ నిండు చూలాలు. ఓ పొద్దున్న డబ్బా దించబోతుంటే మా వాళ్ళలో ఒకావిడ, కర్పూరానికి దూరంగా పెట్టు, తగలకు, అంది. మక్చిక్ పోట్లాడలేదు. డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది. ఆ మర్నాటి నుంచి పెద్దరోడ్డు దాటి అవతలి కుళాయికి పోవడం మొదలుపెట్టింది. మిగతా మలాయ్ ఇళ్ళవాళ్ళూ ఆవిడ దారే పట్టారు. పొట్ట ముందుకు, చెరో చేతిలో డబ్బా, ఆగి ఆగి ఊపిరి తీసుకుంటూ మా కుళాయి పక్కనుంచే నడిచిపోయేది.

నేను చూశాను. ఎందుకు పోతోందో కూడా నాకు తెలుసు. అయినా నాకు కలిగింది సంతోషం. వరస పొట్టిదైపోయింది మరి, నా బిందె తొందరగా నిండుతోంది! ఇంటికొచ్చి ఆ సంగతే మా మామ్మకి గొప్పగా చెప్పాను.

మామ్మ మా నాన్నకి తల్లి, సిక్కోలు వైపు నుంచి ఓడెక్కి వచ్చిన మనిషి. దీపం పెట్టందే మంచినీళ్ళు ముట్టేది కాదు. "వరసెందుకు తగ్గిందే?" అని మాత్రం అడిగింది. చెప్పాను.

మర్నాడు తెల్లారేసరికి పీట వేసుకుని కుళాయి పక్కన కూర్చుంది. మా నాన్న తువ్వాలు కట్టుకుని స్నానానికి వచ్చాడు.

"సెప్పులిప్పరా. గుళ్ళో తానమేట్రా, సిగ్గునేదూ?"

పళ్ళు తోముకుంటూ వచ్చిన పక్కింటాయన్ని ఉమ్మనివ్వలేదు. చేపలు కడగడానికి వచ్చిన అత్తని, అమ్మోరి ముందు నీసేటే అని తిప్పి పంపింది. విడిచిన బట్టలు తెచ్చినవాళ్ళనీ అంతే. పొద్దెక్కేసరికి వరస కాస్తా గుంపయింది, గుంపు గోలయింది. పనికి వేళ మించిపోతోందని మా నాన్న అరిచాడు. "ఇది గుడి కాదే అమ్మా, కుళాయి! సర్కారోడు అందరికీ ఏసిన కుళాయి!"

"ఆ ముక్క ఆ నిండు సూలాలికి ఎవులు సెప్తార్రా?" అంది మామ్మ.

ఒక పెద్దాయన, దేవుడుంటే తప్పేమిటని గొణిగాడు. "దేవుడికి నీళ్ళు కావాలంటే ఆయన్నీ బిందట్టుకుని వరసలో నిలబడమను," అంది. కొందరు నవ్వారు. నాన్న నవ్వలేదు. మేకు పీకి, పటం కళ్ళకద్దుకుని తల్లి చేతిలో పెట్టాడు. అది మా ఇంటి దేవుడి అరలోకి వెళ్ళింది. ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

స్తంభం మీది బొట్లు మాత్రం మామ్మ నాతోనే తుడిపించింది. బొట్టు చెరపడమంటే మనలో ఎంత మాటో ఆడపిల్లకి వేరే చెప్పాలా? పండగ పరికిణీ అంచంతా పసుపైపోయింది. తర్వాత, పోయి మక్చిక్ డబ్బాలు నువ్వే మోసుకురా అంది.

నేను వెళ్ళేసరికి ఆవిడ గుమ్మంలో కూర్చుని వాచిన కాళ్ళు ఒత్తుకుంటోంది. వచ్చీరాని మలాయ్‌లో రమ్మన్నాను. నా పరికిణీ అంచు చూసింది, నా మొహం చూసింది. కుళాయి దగ్గరికి వచ్చి, నా బిందె వెనకాల తన డబ్బా పెట్టింది. నేను డబ్బా ముందుకు జరపబోతే వద్దని, నీదే ముందని చేత్తో చూపించి నవ్వింది. నన్ను తిట్టినా బాగుండేది.

ఇప్పుడు మేముంటున్న యీషున్‌లో మా అపార్ట్‌మెంట్ల బ్లాకు లిఫ్టు పక్కన మనవాళ్ళే ఎవరో దేవుడి బొమ్మ అంటించారు. దాని మీద మా హాల్లో అల్లుడూ, అతని ఆఫీసు స్నేహితులూ పెద్ద వాదన వేసుకున్నారు. ఎక్కువమంది ఎవరైతే వాళ్ళ దేవుడే సర్కారులోనూ ఉండాలని ఒకడు, ఇంటి గడప దాటకూడదని ఇంకొకడు. "చిన్న స్టిక్కరే కదా అమ్మమ్మా, నథింగ్ లా!" అంది మనవరాలు, ఇక్కడి ఇంగ్లీషు యాసలో. మీరు రోజూ పూజ చేస్తారుగా ఆంటీ, మీరే చెప్పండన్నారు. లిఫ్టు మానేసి మెట్లెక్కుతున్నవాళ్ళెవరైనా ఉన్నారేమో చూసి రండి, అప్పుడు చెబుతానన్నాను. ఎవరూ లేవలేదు. నేనే కిందికి వెళ్ళి కాసేపు నిలబడ్డాను.

భక్తి నాకేం తగ్గలేదు. దీపం పెట్టందే కాఫీ తాగను. కానీ క్లినిక్కులో అయినా, తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో అయినా, వరస పొట్టిగా కనిపిస్తే నా కాళ్ళు ముందుకు పడవు. వెనక్కి తిరిగి చూస్తాను, రావలసినవాళ్ళు ఎవరు రాలేదా అని.