అమ్మ నేర్పిన నడక

ఇనుప గనుల పక్కనున్న మా ఊరు కూరెకుప్పలో, మా వీధి చివర లారీల ఆఫీసులో బిల్లులు టైపు చేసే సౌందర్యకు ఎడమ పాదం స్వాధీనంలో లేదు. పసితనంలో జ్వరానికి వేసిన సూది నరానికి తగిలిందంటారు. మోకాలు బాగా ఎత్తి అడుగు వేయకపోతే పాదం వేలాడి, వేళ్ళు నేలకు రాసుకుంటాయి. చాలా ఏళ్ళు వీధిలో పాతవాళ్ళకు తప్ప ఈ సంగతి తెలియదు. తల్లి నాగలక్ష్మమ్మ తెలియనివ్వలేదు.

బడికి పంపే ముందే ఆమె కూతురికి నడక నేర్పింది. గోడ వెంబడి, తొందర లేకుండా, చిన్న అడుగులతో, బరువంతా కుడివైపు ఆన్చి. ఎవరైనా ఎదురొస్తే మెల్లగా "కాలు" అనేది. పిల్ల సర్దుకునేది. పెళ్ళిళ్ళలో, ఆసుపత్రిలో, బస్టాండులో అదే మాట. పోనుపోను ఆ మాటతో పని లేకుండా పోయింది. కొత్తవాళ్ళ కళ్ళు పడితే చాలు, ఒళ్ళే సర్దుకునేది.

ఆ నడకను సౌందర్య మరిచింది బాడ్మింటన్ ఆడేటప్పుడే. పాత ఇనుప సామాన్ల గోడౌనులో వికలాంగులకు ఆట నేర్పే హనుమేష్ దగ్గర, ఎర్రదుమ్ము పేరుకున్న నేల మీద, కాలు ఈడుస్తూ, పడుతూ లేస్తూ ఆడింది. కాలి లోపం ఎక్కువున్నవాళ్ళకు సింగిల్స్‌లో సగం కోర్టే ఉంటుంది. ఇక్కడ డాక్టరు కాగితం చూసి ఆమెకు అదే ఇచ్చారు. ఆ సగంలో ఆమెను ఓడించడం కష్టం. రాష్ట్రంలో గెలిచింది, దేశంలోనూ గెలిచింది. థాయ్‌లాండ్‌లో అంతర్జాతీయ పోటీకి ఎంపికైంది. అక్కడా సగం కోర్టే ఇస్తే పతకం తప్పదని హనుమేష్ నమ్మకం. పూర్తి కోర్టయితే ఆ కాలితో వెనక మూలకు చేరడం కల్ల.

ఏ కోర్టన్నది అక్కడి పరీక్షకులు తేలుస్తారు. ముందు బల్ల మీద పడుకోబెట్టి పాదం తోయమన్నారు, ఎత్తమన్నారు. అందులో ఎటూ తేలక, తర్వాత నడవమన్నారు. తెల్లటి గది, అందరూ కొత్తవాళ్ళు, అందరి చూపూ ఆమె కాళ్ళ మీదే. సౌందర్య నడిచింది. తొందర లేకుండా, చిన్న అడుగులతో, బరువు కుడివైపు ఆన్చి. ఆడి చూపమంటే, అందని షటిల్ జోలికి పోకుండా నిలబడి చక్కగా కొట్టింది.

పూర్తి కోర్టు అన్నారు.

బయటికొచ్చాక జరిగింది హనుమేషే తర్వాత నాకు చెప్పాడు.

"ఏందమ్మా అట్ల నడిస్తివి? గోడౌన్లో నడిచినట్ల నడిచింటే సాలు గదా."

"నేను మామూలుగానే నడిచినా సార్."

"అది మామూలా? పెండ్లికూతురు పీటల మీదికి పోయినట్ల పోతివి."

ఆమె నవ్వలేదు. "ఎవురన్నా చూస్తాంటే అట్లనే వస్తాది సార్. ఇంకోరకంగా ఎట్ల నడవాల్నో నాకే తెలీదు."

పోటీలో ఎదుటి అమ్మాయి ప్రతిసారీ ఎడమ వెనక మూలకే షటిల్ వేసింది. కాసేపటికి సౌందర్య ఆ మూలవైపు తిరిగి చూడటం కూడా మానేసిందట.

ఆమె తిరిగొచ్చిందని తెలిసి చూడబోయాను. పక్కింటి హనుమంతమ్మ అప్పటికే అరుగు మీద కూర్చుని ఉంది.

"పతకం యాడ తల్లీ, బ్యాగులోనే దాచినావా?"

"పతకం పోతే పోనీలే అక్కా," అంది నాగలక్ష్మమ్మ కాఫీలు అందిస్తూ. అంత సంతోషంగా ఆమెను నేను చూసి చాలా కాలమైంది. "ఆ దేశమోళ్ళే చూసి చెప్పినారంట, కాలు అంతగా చెడిపోలేదని. ఈడి డాక్టర్లు ఒక్కరన్నా అన్నారా ఆ మాట?"

సౌందర్య గ్లాసు పట్టుకుని కూర్చుంది. హనుమంతమ్మ వెళ్ళాక అడిగింది.

"మా, నువ్వు నేర్పకముందు నేను ఎట్ల నడుస్తాంటి?"

"అదెందుకమ్మా ఇప్పుడు?"

"నా కాలు మళ్ళా చూడమని ఆ పరీక్ష చేసినోళ్ళను హనుమేష్ సార్ అడుగుతాడంట. ఉన్నది ఉన్నట్ల నడవాల. నాకు రాలేదు. ఒకతూరి నడిచి చూపీ మా."

నాగలక్ష్మమ్మ వంటింటి గడప దగ్గర ఆగింది. చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి పట్టుకుంది. ఎడమ కాలు ఎత్తి, పాదం నేలకు ఆనకముందే వెనక్కు తీసుకుంది.

"నాకు గుర్తు లేదు," అంది. "సుమ్నే ఆ మాటలన్నీ వదిలి కాఫీ తాగు. చల్లారిపోతాండాది."