మస్తానమ్మ ఇంట సవతి బాతు

పులికాట్ ఒడ్డున చేపలు ఎండబెట్టి సూళ్లూరుపేట సంతలో అమ్ముకునే మస్తానమ్మకు నోరెంత పెద్దదో, మొగుడి మీద ప్రేమ అంత పెద్దది. మొగుడు పెంచలయ్య మాటల పొదుపరి. ముద్దూ మురిపెం ఎరగడు. కానీ రోజూ అన్నం తిన్నాక పళ్లెంలో ఒక ముద్ద, మంచి చేపముక్కతో సహా, మిగిల్చి లేచేవాడు. ఆ పళ్లెంలోనే ఆమె వడ్డించుకుని తినాలి. వాళ్లలో ఆడవాళ్ల పద్ధతి అది. నోటితో చెప్పని ప్రేమంతా ఆ ముద్దలో ఉందని మస్తానమ్మ నమ్మకం. సంతలో పక్క గంపల వాళ్ల దగ్గర ఆ ముద్ద గురించి గొప్పలు పోయేది కూడా.

పంతొమ్మిది వందల అరవై రెండు చలికాలంలో ఆ ముద్దకే ఎసరు పెట్టే మహాతల్లి ఇంటికొచ్చింది.

మద్రాసు నుంచి తుపాకులతో వేటకొచ్చిన దొరలకు పెంచలయ్య పడవ నడిపాడు. రెక్కకు గుండు తగిలి తుంగలో పడిన బాతు వాళ్లకు దొరకలేదు. వాళ్లు రైలెక్కి పోయాక ఇతను వెళ్లి వెతికి పట్టుకొచ్చాడు. ఏటా చలికి ఎక్కడి నుంచో ఎగిరొచ్చే అడవి బాతు అది. తెల్లటి తల, తల వెనక రెండు నల్లగీతలు. రెక్కకు పసుపు పెట్టి, గుడ్డ చుట్టి, "నా బంగారు తల్లి" అన్నాడు. మస్తానమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. కాపురానికొచ్చిన నాటి నుంచి తనను "మే" అని తప్ప పిలిచి ఎరగడు.

ఆ రోజు నుంచి ముద్ద బాతుకు పోయింది. ఖాళీ పళ్లెం చూసినప్పుడల్లా మస్తానమ్మకు ఒళ్లు మండిపోయేది. కొత్తొక వింత, పాతొక రోత అంటే ఇదే. నిజంగా సవతే వచ్చుంటే జుట్టు పట్టుకుని బయటికి ఈడ్చేది. దీనికి జుట్టు కూడా లేదాయె!

"ఆ దొరలు వీటిని ఎట్టా తింటారు మామా?" అని ఒకరోజు ఏమీ ఎరగనట్టు అడిగింది.

"మిరియాలు బాగా పట్టిచ్చి ఏపుతారంట. దీని ముందర కోడి దిగదుడుపేనన్నాడు ఒకాయన" అని నోరు జారాడు పెంచలయ్య. వెంటనే బాతును ఒళ్లోకి తీసుకున్నాడు. "దాని ఎదురుగా అట్టాంటి మాటలు మాట్లాడబాక మే."

మస్తానమ్మకు నోరూరింది. ఒక దెబ్బకు రెండు పిట్టలు. సవతి పీడా పోతుంది, రుచీ తెలుస్తుంది. కానీ బాతు ఎముకల గూడులా ఉంది. కాస్త కండ పట్టనీ అనుకుంది. మొగుడు పడవ మీద వెళ్లగానే నూకలు నానబెట్టి, తవుడు కలిపి, లేత గడ్డి కోసుకొచ్చి, పక్కన కూర్చుని మేపేది. "తినవే ముండా, తిను" అని తిడుతూనే మేపేది. రొమ్ము తడిమి ఎంత బలిసిందో చూసుకునేది. సంతకు పోతే ఎప్పుడెప్పుడు ఇల్లు చేరుదామా అనిపించేది. అదంతా కూర కోసమేనని తనకు తాను చెప్పుకునేది.

ఒక మధ్యాహ్నం ఇక చాలనుకుని మిరియాలు నూరి, కత్తి పదును పెట్టుకుంది. అంతలో పెంచలయ్య వచ్చేశాడు. అన్నం తిని, చివరి ముద్ద చేత్తో పట్టుకుని "రా బంగారు తల్లీ" అని పిలిచాడు. బాతు అతని పక్కనుంచే నడిచిపోయి మస్తానమ్మ కొంగులో ముక్కు దూర్చింది. మళ్లీ పిలిచాడు. అది తలైనా తిప్పలేదు.

పెంచలయ్య మొహం మాడిపోయింది. నూరిన మిరియాలు చూశాడు, కత్తి చూశాడు.

"కోసెయ్" అన్నాడు. "ఇశ్వాసం లేనిది. కోసి ఏపెయ్."

చలికాలమంతా తన కడుపులో రగిలిన మంట ఇప్పుడు అతని కళ్లలో కనిపించింది మస్తానమ్మకు. సంతోషమే వేసింది. కానీ ఆ మంట తన కోసం కాదు, బాతు కోసం. అదే ఆమెకు గుచ్చుకుంది.

"ఇది నాది. దీని మీద చెయ్యేస్తే ఊరుకోను" అంది.

పెంచలయ్య ముద్దను పళ్లెంలో పెట్టి ఆమె వైపు తోశాడు. "సరే, అయితే నువ్వే తిను."

"బాతు కాదన్నాక నేను గుర్తొచ్చినానా మామా?"

మస్తానమ్మ లేచి ఇంకో పళ్లెం కడుక్కుంది. కాపురానికొచ్చాక మొదటిసారి, మొగుడి ఎదురుగానే, వేరే పళ్లెంలో అన్నం పెట్టుకుని కడుపునిండా తింది. పెంచలయ్య ఆ ముద్ద ముందు పెట్టుకుని, ఆమె తిన్నంతసేపూ అట్లాగే కూర్చున్నాడు.