తలుచుకోనే లేదండి

మా వదిన రత్నకుమారికి ఒకే ఒక్క అలవాటుంది. ఊరెళ్ళి తిరిగొచ్చి, తమ కుక్కనో పిల్లినో తీసుకెళ్ళడానికి గేటు దగ్గర నిలబడ్డ ప్రతి మనిషి మొహంలోకీ చూసి, "మిమ్మల్ని తలుచుకోనే లేదండి" అంటుంది. పలకరింపూ ఇదే, వీడ్కోలూ ఇదే. కుక్కల్నీ పిల్లుల్నీ డబ్బు తీసుకుని అట్టేపెట్టుకునే వ్యాపారంలో ఉన్న మనిషి అనకూడని మాట ఒక్కటంటూ ఉంటే అది ఇదే.

మా అన్నయ్య శేషాచలం బ్యాంకులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, దేశంకాని దేశంలో, ఊరి శివార్లలో స్కోఫీల్డ్స్ అనే పేట దాటాక ఐదెకరాల్లో ఉన్న ఈ బోర్డింగ్ కెన్నెల్స్‌ని ఒక ముసలి జంట దగ్గర కొన్నాడు. కొన్న సంగతి వదినకి కొన్నాక చెప్పాడు. అప్పటిదాకా ఆవిడ కుక్కని కాంపౌండు గోడకి ఇవతలి నుంచి తప్ప చూసి ఎరగదు. కొన్నాళ్ళు అన్నయ్యతో మాట్లాడ్డం మానేసింది. మాట్లాడకుండా ఉండగలిగే మనిషి కాదు కనక, ఆ కొన్నాళ్ళూ కుక్కలతో మాట్లాడింది. అలా వృత్తిలోకి దిగింది.

నేను కెల్లీవిల్‌లో ఉంటాను. వాళ్ళ వెబ్‌సైటూ, బుకింగులూ, వాట్సాపూ చూసేది నేనే. పేరుకి అవి చూస్తానన్నమాటే గానీ అసలు నాది క్షమాపణల శాఖ. వదిన ఒక మాట అంటుంది, గూగుల్లో ఒక రివ్యూ పడుతుంది, దాని కింద నేను "ప్రియమైన కస్టమరు గారికి" అని మొదలుపెడతాను.

ఈ వ్యాపారమంటే కుక్కపిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముద్దులాడడం అనుకునేవాళ్ళు ఒక్కసారి వచ్చి చూడాలి. తెల్లారి లేస్తే గదులు కడగడం, పక్కలు ఉతకడం, ఎవరి గిన్నె ఎవరిదో గుర్తుపెట్టుకోవడం. టీకా సర్టిఫికెట్ లేకుండా వచ్చి "మా వాడు చాలా మంచివాడు" అని వాదించేవాళ్ళని వెనక్కి పంపడం. ఒకటి దగ్గిందంటే అన్నీ దగ్గుతాయేమోనని చెవులు రిక్కించి తిరగడం. ఇక్కడ జనవరిలో మండే ఎండల్లో ఒక్కోదాన్నీ నీళ్ళతో తడపడం. ఎదురుగా కొత్తగా లేచిన ఇళ్ళవాళ్ళు, కుక్కలు మొరుగుతున్నాయని కౌన్సిల్‌కి ఫిర్యాదు చెయ్యడం. కుక్కలు మొరుగుతాయని కౌన్సిల్‌కి అన్నయ్య జవాబు రాయడం.

అన్నిటికంటే కష్టమైన జీవాలు యజమానులు. మా కెల్లీవిల్ జంటే ఉన్నారు, లిఖిత, శ్రీకర్. కావూడుల్ అనే జాతి బొచ్చుకుక్కని తెచ్చి దింపారు. పేరు లడ్డూ. వాడితోపాటు వండిన కిచిడీ డబ్బాలు, లిఖిత పాత టీషర్టు, రాత్రిపూట వెలిగే చిన్న దీపం ఒకటి దిగాయి. రోజూ వీడియో కాల్ కావాలన్నారు. మొదటి కాల్ సింగపూర్ ఎయిర్‌పోర్టు నుంచే వచ్చింది.

"ఆంటీ, లడ్డూ ఏం చేస్తున్నాడు?"

"పడుకున్నాడమ్మా."

"ఒక్కసారి లేపరా? మమ్మల్ని చూస్తాడు."

"లేపుతాను గానీ, లేచి మీరెవరని అడిగితే ఏం చెప్పమంటావు?"

వాళ్ళు తిరిగొచ్చిన రోజున వదిన మామూలు మాట మామూలుగా అనేసింది. లిఖిత కారులో కూర్చుని ఏడ్చింది. శ్రీకర్ రివ్యూ రాశాడు: "మా కుక్క శుభ్రంగా, కాస్త ఒళ్ళు చేసి, ఎంతో సంతోషంగా ఇంటికొచ్చింది. మా ఆవిడ అలా రాలేదు. ఒక్క స్టారు." అయినా క్రిస్మస్ సెలవులకి జూలైలోనే మళ్ళీ బుక్ చేసుకున్నారు.

తెల్లవాళ్ళకీ మినహాయింపు లేదు. గ్రెగ్ అనే ప్లంబరు బాలి వెళ్ళొచ్చి, "మిస్ మి, డిడ్ హి?" అని చేతులు చాపుకుంటూ వచ్చాడు. వదిన ఎంతో ఆప్యాయంగా, "నో డార్లింగ్. నాట్ వన్స్" అంది. ఆ మనిషి కుక్కని బండెక్కించి, తను స్టీరింగ్ ముందు చాలాసేపు ఊరికే కూర్చున్నాడు.

పిల్లుల షెడ్డు వైపు మాత్రం మాకు ఎప్పుడూ ఐదు స్టార్లే. పిల్లి తమని తలుచుకోలేదని చెబితే పిల్లిని పెంచేవాళ్ళు ఎవరూ ఆశ్చర్యపోరు. ఈవిడ నిజాయితీ గల మనిషి అని మెచ్చుకుని వెళ్తారు.

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. "వదినా, ఆ మాటే కాస్త తిప్పి చెప్పొచ్చు కదా. మీకోసం బెంగపెట్టుకున్నాడండీ అంటే నీ సొమ్మేం పోయింది?"

"బెంగపెట్టుకోనివాణ్ణి పెట్టుకున్నాడని ఎలా చెప్పను భానూ? అబద్ధాలు నా వల్ల కాదు."

అన్నయ్య పక్కనే నీళ్ళ గొట్టం పట్టుకుని గది కడుగుతున్నాడు. ఏదో అనబోయి, ఎందుకులే అన్నట్టు కుళాయి ఇంకాస్త తిప్పాడు.

ఇలా ఉండగా శివప్రసాద్ గారొచ్చారు. ఆయన స్కూలు బస్సు నడుపుతారు. జగిత్యాల నుంచి చదువుకోవడానికి వచ్చి, చదువు సంగతి ఏమైందో గానీ సిటిజెన్ అయ్యారు. ఒంటరి మనిషి. రేసుల్లో రిటైరైన ఒక గ్రేహౌండ్‌ని తెచ్చి పెంచుకుంటున్నారు. మనిషెత్తు కాళ్ళూ, ఎముకలూ తప్ప ఏమీ లేని ఆ జీవానికి పండు అని పేరు పెట్టుకున్నారు. ఆయన గుండెకి బైపాస్ చెయ్యాలన్నారు డాక్టర్లు. పండు ఇంకెవరి దగ్గరా తినడని ఆయన అప్పటికే రెండుసార్లు వాయిదా వేసుకున్నారు. ఇంకోసారి వాయిదా వేస్తే ఆ పైన తేదీ నా చేతుల్లోనూ ఉండదు, మీ చేతుల్లోనూ ఉండదు అన్నాడట సర్జను.

"అక్కా, వీడు నా చేతితోని పెడితేనే తింటడు," అన్నారాయన గేటు దగ్గర. "తినకపోతే ఒక్క ఫోన్ కొట్టుండ్రి. అన్నీ ఇడిచిపెట్టి వస్త."

"తినకేమండీ. ముందు మీరు గేటు దాటండి," అంది వదిన.

ఆపరేషన్‌కి ముందురోజు ఆదివారం. కెమెరా ఏదో పనిచెయ్యడం లేదంటే బాగు చెయ్యడానికి వెళ్ళాను. పండు తన గదిలో శివప్రసాద్ గారి యూనిఫాం చొక్కా మీద మొహం పెట్టుకుని పడుకున్నాడు. కోడిమాంసం, అన్నం కలిపి పెట్టిన గిన్నె పెట్టినట్టే ఉంది. దింపిన దగ్గర్నుంచీ ఇంతేనని అన్నయ్య నాతో గుసగుసగా చెప్పాడు. కుక్కల డాక్టరు వచ్చి చూసి, ఒంట్లో జబ్బేమీ లేదు, మనసులోనే ఉందని చెప్పి వెళ్ళాడట. వదిన ఆ గదిలోనే సిమెంటు నేల మీద చతికిలబడి, పండు వైపు చూడకుండా, తన పళ్ళెంలో పెరుగన్నం తాను తింటోంది.

ఫోన్ మోగింది. ఎడం చేత్తో స్పీకరు నొక్కింది.

"అక్కా, తిన్నడా?"

"తినకేమండీ! పొద్దున్న పెట్టిందంతా ఊడ్చేశాడు. ఇప్పుడు పక్కగది లాబ్రడార్ గిన్నె మీద కన్నేశాడు."

"నన్ను యాద్ చేసుకుంటలేడా?"

"తలుచుకోనే లేదండి."

"ఏడేండ్ల సంది పెంచుతున్న అక్కా. గింత విశ్వాసం కూడ లేదా వీనికి?"

"ఉన్నట్టు కనబడలేదండి మరి."

ఫోన్ ఠక్కున పెట్టేశారు. నా గొంతు గట్టిగానే లేచింది. "వదినా! అబద్ధాలు నీ వల్ల కాదన్నావు!"

"అరవకు. పిల్లలు జడుసుకుంటారు."

అంతలో నా దగ్గరున్న కెన్నెల్స్ వాట్సాప్‌కి ఆయన మెసేజ్ వచ్చింది. "అక్క మంచిగ మాట్లాడలేదు. మనసుకు చాన బాధైంది." నాలోని క్షమాపణల శాఖ మేల్కొంది. "క్షమించాలి సార్. నిజానికి పండు మీ మీద బెంగతో ఏమీ తినడం లేదు" అని టైపు చేసి, పంపించే బొత్తాం మీద వేలు పెట్టబోయాను. వదిన ఎంగిలి చేత్తోనే నా ఫోన్ లాక్కుంది.

"ఇది చూశాడంటే గంటలో ఆసుపత్రి గౌనుతో గేటు ముందు ఉంటాడు. రేపు ఆపరేషన్ ఎవరు చేయించుకుంటారు, నువ్వా?"

"అంటే, అందరికీ ఇలాగే చెబుతున్నావా? లడ్డూ కూడా ఏడ్చాడా?"

"దీపం ఆర్పితే చాలు, ఒకటే ఏడుపు. గ్రెగ్గు కుక్కయితే నా చెప్పుల మీద పడుకునేవాడు. ఎక్కడో దూరాన ఉన్నవాళ్ళకి ఇక్కడి ఏడుపు చెప్పి ఏం సాధిస్తాం భానూ? ఎలాగూ రాలేరు. నా మీద కోపమైతే రెండు తిట్లు తిట్టి అన్నం తింటారు. బెంగైతే తినరు."

ఆవిడ చెయ్యి ఊపుతూ చెబుతోంది. పండు మెడ సాచి ఆ చేతిని వాసన చూశాడు. తర్వాత వేళ్ళకున్న పెరుగన్నం నెమ్మదిగా నాకడం మొదలుపెట్టాడు. వదిన గమనించనట్టు నటిస్తూ చెయ్యి అక్కడే ఉంచింది. నా ఫోన్ కూడా అక్కడే ఉంది, దాన్నీ నాకాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. కోపం వల్ల గుండె గట్టిపడిందేమో చెప్పలేను గానీ, శివప్రసాద్ గారు ఆ తర్వాత మాకు ఒక్క ఫోన్ కూడా చెయ్యలేదు. అలిగారు. గంగాలిన్ నుంచి వాళ్ళక్క కౌసల్య గారొచ్చి ఇంట్లో ఉండి చూసుకున్నారు. కోలుకున్నాక కూడా డ్రైవింగ్ చెయ్యకూడదన్నారు కనక నేనే కారు తీసుకెళ్ళి ఆయన్ని ఎక్కించుకున్నాను. దారిపొడుగునా ఆయనది ఒకటే మాట. "ఆడనే మంచిగున్నడట గద. మళ్ల నేనెందుకు వానికి?"

గడ్డం పెరిగింది. మనిషి సగమయ్యారు. దగ్గొస్తే అదుముకోవడానికి ఆసుపత్రివాళ్ళిచ్చిన దిండు గుండెకి అడ్డంగా పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. వదిన పండుని తీసుకొచ్చింది. వాడు ఆయన దగ్గరికెళ్ళి దిండుని వాసన చూశాడు. చేతిని వాసన చూశాడు. వెనక్కి తిరిగి వచ్చి వదిన కాలికి ఒరిగి నిలబడ్డాడు.

"నిజమే అక్కా," అన్నారాయన మెల్లిగా. "మీరు చెప్పింది నిజమే." కారు వైపు తిరిగారు.

మా వదిన మొహం పాలిపోవడం నేను చూడ్డం అదే మొదలు. "అబద్ధమండీ!" అని ఒక్క కేక పెట్టింది. కెన్నెల్స్‌లో ఉన్న కుక్కలన్నీ అందుకున్నాయి. "శుద్ధ అబద్ధం! వాడు తినలేదండి. మీ చొక్కా మీంచి లేవలేదు. రోడ్డు మీద బస్సు చప్పుడైతే చాలు, పిచ్చిగా గేటు దాకా పరిగెత్తేవాడు. మీ ఒంటి మీద ఆసుపత్రి వాసనొస్తోంది, అందుకే పోల్చుకోలేదు. ఏదైనా మాట్లాడండి. మీ గొంతు విననివ్వండి!"

ఆయనకి కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. ఎట్టకేలకి, "పండూ, బస్సు టైమైంది, నడువు బిడ్డా" అన్నారు.

రేసుల్లో వాడు ఏనాడూ గెలవలేదని విన్నాను. ఆ రోజు పరిగెత్తినట్టు పరిగెత్తితే గెలిచేవాడే. ఛాతీ మీదకి దూకితే కుట్లు ఊడతాయని ముగ్గురం వాడి మీద పడ్డాం. వదిన నడుం పట్టుకుంది, నేను వెనక కాళ్ళు పట్టుకున్నాను, అన్నయ్య కంగారులో నీళ్ళ గొట్టంతో సహా వచ్చి అందర్నీ తడిపేశాడు. శివప్రసాద్ గారు దిండు అదుముకుని, "నవ్వియ్యకుండ్రి, నొస్తది" అంటూ ఏడుస్తూనే నవ్వారు.

కాస్త సర్దుకున్నాక, "మరి ఫోన్‌ల గట్లెందుకన్నరు అక్కా?" అని అడిగారు.

"నిజం చెబితే ఆసుపత్రిలో ఉండేవారా?"

ఆయన నిజాయితీగా ఆలోచించారు. "ఉండకపోయేటోణ్ణి," అన్నారు.

కుక్క తాడు ఆయన పట్టుకోకూడదు కనక వదిన కూడా కారెక్కింది. దారంతా పండు వెనక సీట్లోంచి మెడ సాచి ఆయన భుజం మీద తల పెట్టుకునే ఉన్నాడు. ఇల్లు రాగానే కిందకి దూకి, గుమ్మం దాటి లోపలికెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదు. తిరుగు ప్రయాణంలో వదిన ఎన్నడూ లేనిది ఏమీ మాట్లాడలేదు. నేను కూడా క్షమాపణ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే అన్నయ్య వాళ్ళింటికి వెళ్ళేసరికి వదిన కారు తాళాలు వెతుకుతోంది.

"ఎక్కడికి వదినా?"

"శివప్రసాద్ గారు ఇంకా తాడు పట్టుకోకూడదు కదా. వాళ్ళక్కగారికి ఆ కుక్కంటే భయం. పండుని అలా ఓ చుట్టు తిప్పి వచ్చేస్తాను."

"వాడిప్పుడు నీకోసం చూస్తూ ఉంటాడేమో."

"ఛ! నేనెవరో కూడా వాడికి గుర్తుండదు," అంటూ అద్దం ముందు నిలబడి, బొట్టు సరిచేసుకుని, జడ ముందుకి వేసుకుని, అది బాగులేదని మళ్ళీ వెనక్కి వేసుకుంది.