ఉసిరి మాత్రలు

నాన్న పోయాక, రాజమండ్రిలో మా కిరాణా కొట్టు వెనకున్న ఇంట్లో నేనూ తమ్ముడూ మిగిలాం. వాడికి స్కిజోఫ్రీనియా. మాత్రలు వేసుకుంటే చెవిలో గొంతులు ఆగేవి గానీ, పగలంతా మగతగా పడుండేవాడు. చేతులు వణికేవి. ఇంట్లో పలకరించే దిక్కు లేక నేను తూకం రాళ్లతో మాట్లాడేదాన్ని. నిజంగానే!

ఒకసారి డాక్టరుగారు ఓపిగ్గా చెప్పారు. "ఈ జబ్బున్న కొంతమంది రక్తంలో యాంటీఆక్సిడెంట్లు తక్కువగా కనిపిస్తున్నాయమ్మా. ఒంటికి ఒకరకం తుప్పు పట్టకుండా కాపాడేవి అనుకోండి. అవి తగ్గడంవల్ల జబ్బా, జబ్బువల్ల అవి తగ్గాయా, ఇంకా తేలలేదు. పళ్లూ ఆకుకూరలూ పెట్టండి. మాత్రలు మాత్రం ఆపకండి."

నా బుర్రకి సగమే ఎక్కింది. అడిగిన సరుకు లేకపోతే "అది లేదండీ, ఇది ఇంకా బాగుంటుందండీ" అని మరోటి అంటగట్టడం కొట్లో పుట్టి పెరిగినదానికి ఉగ్గుపాలతో వచ్చిన విద్య. తమ్ముడికీ అదే చేశాను. ఏ పూట మాత్రలు ఆ పూటకి పొట్లం కట్టి ఇచ్చేది నేనే. అసలువి తీసేసి, యాంటీఆక్సిడెంట్లు దండిగా ఉంటాయని మేం అమ్మే ఉసిరి మాత్రలు కట్టాను. వాడికి ఒక్క ముక్క చెప్పలేదు.

రెండు వారాలు నాకు పండగే. వాడు తేరుకున్నాడు, కొట్లోకొచ్చి కూర్చున్నాడు. "నీ నోటికి భయపడి బేరాలు తగ్గిపోయాయక్కా" అని ఆటపట్టించాడు. ఎన్నాళ్లకి నవ్వానో!

ఆ తర్వాత వాడికి నిద్ర కరువైంది. గోడతో గొడవ పెట్టుకోవడం మొదలెట్టాడు. ఓ మధ్యాహ్నం పొట్లం విప్పి, వాసన చూసి, విసిరికొట్టాడు.

"ఏంటక్కా ఇది? నువ్వు ఏదో మార్చేశావు."

"నీ మొహం! నేనెందుకు మారుస్తాన్రా?"

ఆ రోజునుంచి నా చేతి అన్నం ముట్టలేదు. మూడోరోజు ఆసుపత్రిలో చేర్చాను.

"మాత్రలు సరిగ్గా వేస్తున్నారామ్మా?" అని డాక్టరుగారు అడిగారు.

"వేస్తున్నానండి" అన్నాను. సిగ్గుతో చచ్చిపోతున్నా నోట్లోంచి ఆ అబద్ధమే వచ్చింది. తమ్ముడిలో అనుమానం ముదిరిందని ఆయన కాగితం మీద రాసుకుని డోసు పెంచారు.

నెల తిరిగేసరికి తమ్ముడు ఇంటికొచ్చాడు. మళ్లీ అదే మగత. వణుకు మునుపటికన్నా ఎక్కువైంది. వాడి చేతిలో ముద్ద నిలవడంలేదని నేనే అన్నం కలిపి పక్కన కూర్చున్నాను. వాడు తలెత్తి నా మొహంలోకి చూశాడు.

"నిన్ను అనుమానించానక్కా. అదంతా జబ్బేనంట, డాక్టరుగారు చెప్పారు. తప్పయిపోయింది."

"పర్లేదులేరా, తిను" అన్నాను.