టైరు కింది రాయి

లారీ డ్రైవరైన మా ఆయన పొద్దున ఫొటో పంపారు. ఘాట్ రోడ్డు పక్కన మూడు రాళ్ల పొయ్యి, మసి గిన్నెలో మటన్ కైమా, బంగాళాదుంపలు.

ఈ గ్రూపులోని సాలూరు లారీవాళ్ల పిల్లలూ, ఆ పొగవాసన కూర గుర్తుందా?

చిన్నప్పుడు నాన్న నన్ను తన లారీలో తీసుకెళ్లినప్పుడు అలాగే వండేవాడు. ఒకరోజు, "ఒసే గుంటా, పొయ్యికి ఇంకో రాయి పట్రా" అన్నాడు. లారీ జారకుండా వెనక టైరు కింద పెట్టిన రాయినే తెచ్చాను. కూర ఉడుకుతుండగా లారీ జారింది. ఆపడానికి ఎక్కబోయిన నాన్న పాదం టైరు కింద పడి నలిగిపోయింది. ఆయన మళ్లీ స్టీరింగ్ పట్టలేదు.

"నా బ్రేకే సరిగా పడనేదు" అని ఇప్పటికీ అంటాడు.

పొద్దున ఫొటో చూసిన వెంటనే మా ఆయనకు ఫోన్ చేశాను. "టైరు కింద రాయి ఉన్నాదా మావా?"

"ఉన్నాదే. నీకేటే అంత బయ్యం?" అని నవ్వారు.

ఆ రాయి సంగతి మా ఆయనకీ చెప్పలేదు. ఎవరైనా ఈ పోస్టు నాన్నకు చదివి వినిపించేలోపు నేనే వెళ్లి చెప్పాలి.